నౌపడ నుంచి గుణుపురం దాకా: మావాడికి పాటీ అలవాటు చేసిన విధం

మాది పర్లాకిమిడి. ముందు గదిలో కుట్టు మిషను, వెనక గదిలో కాపురం. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఆవిడా మావాడి నిక్కరు సంగతి అడిగి మరీ వెళ్ళేది. "రెండేళ్ళు నిండాయి కదా, ఇంకా డైపరేనా?" అని ఒకరు. "మా గుంటడు ఏడాదికే చెప్పేసేవాడమ్మా" అని ఇంకొకరు. ఆ మాటలకి టెన్షన్ పడిపోయి పాటీ, అంటే పిల్లలు దొడ్డికి కూర్చునే చిన్న కుర్చీ, అలవాటు చేయడం మొదలుపెట్టాను, బోర్లా పడ్డాను. నాలుగు నెలలు ఆగి రెండోసారి నిదానంగా చేస్తే కుదిరింది. ఇప్పుడు వాడికి నాలుగేళ్ళు. కొలతలకి వచ్చే కొత్త తల్లులు "ఏం చేశావక్కా?" అని అడుగుతుంటే టేపు మెడలో వేసుకుని ప్రతిసారీ అరగంట చెప్పాల్సి వస్తోంది. అందుకే రాసి పెడుతున్నాను.

ముందు చెడగొట్టుకున్న సంగతి చెబుతాను, ఎందుకంటే మీరూ అదే పని చేసే అవకాశం ఉంది.

వాడికి రెండేళ్ళ రెండు నెలలు. ఆషాఢం, ముసురు. రోజుకి పది నిక్కర్లు తడిపేవాడు, ఒక్కటీ ఆరేది కాదు. కస్టమర్ల బట్టలకి ఉంచిన ఇస్త్రీ పెట్టెతో చిన్న నిక్కర్లు ఆరబెట్టుకుంటూ కూర్చున్నాను, కోపం నెత్తికెక్కేది. వానాకాలంలో మొదలుపెట్టడం మొదటి తప్పు. రెండోది దానికంటే పెద్దది. బజారులో వాడు ఒక బ్యాటరీ జీపు మీద మనసు పడ్డాడు. "పాటీలో ఆయి పోతే ఆ జీపు కొనేస్తాను" అనేశాను. ఆయి అంటే మా ఇంట్లో దొడ్డికి. ఇంకేం, వాడు పరుగున వచ్చి కూర్చుంటాడు, ఏమీ రాదు, లేచి జీపు అడుగుతాడు. లేదంటే ఏడుపు. రెండు రోజులకి పాటీ కుర్చీ చూస్తేనే ముడుచుకుపోయాడు. తర్వాత నాలుగు రోజులు దొడ్డికే పోలేదు. తలుపు వెనక నిలబడి, కాళ్ళు మెలేసి, మొహం ఎర్రగా చేసుకునేవాడు. ముక్కుతున్నాడనుకున్నాను. కాదు, ఆపుకుంటున్నాడు.

పిల్లల డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఆపుకున్నకొద్దీ లోపల పేగు నీటిని లాగేసుకుంటుంది, మలం గట్టిపడుతుంది. గట్టిది వస్తే నొప్పి. ఆ నొప్పి గుర్తుండి మళ్ళీ ఆపుకుంటారు. "ఆ కుర్చీ కొన్నాళ్ళు వాడికి కనబడనీయకండి. ముందు మెత్తగా, నొప్పి లేకుండా పోనివ్వండి" అన్నారు. ఒక మందు రాశారు. రోజుకి ఎన్ని పాలు తాగుతాడని అడిగారు. మూడు సీసాలు! పాలతో కడుపు నింపేసి అన్నం ముట్టేవాడు కాదు. పాలు తగ్గించి, బాగా మగ్గిన అరటిపండు, బొప్పాయి, నానబెట్టిన ఎండుద్రాక్ష మెదిపి, పప్పులో తోటకూర, మధ్యమధ్యలో నీళ్ళు. దారిలో పడడానికి నెల పైనే పట్టింది.

ఆ నెలలో మిషను తొక్కుతూ ఆలోచించుకుంటే ఒకటి తట్టింది. జీపు తప్పు కాదు. వాడి చేతిలో లేనిదానికి జీపు ముడిపెట్టడం తప్పు. వచ్చి కూర్చోవడం వాడి చేతిలో ఉంది. రావడం వాడి చేతిలో లేదు, కనీసం మొదట్లో లేదు. బహుమతి ఇవ్వాల్సింది కూర్చున్నందుకు.

సరే, రెండోసారి ఎలా చేశానో చెబుతాను.

పిల్లలు సిద్ధంగా ఉన్నారో లేదో వయసు చూసి చెప్పలేం. ఏడాదిన్నర లోపు అయితే ఆపుకునే, వదిలే పట్టు ఒంటికే రాదు. రెండు, మూడేళ్ళ మధ్య చాలామందికి కుదురుతుంది, కొందరికి ఇంకా ఆలస్యం. చూడాల్సింది ఇవి: పగలు రెండు గంటలైనా డైపరు పొడిగా ఉంటోందా, "ఆ చెప్పు పట్రా" అంటే తెస్తున్నాడా, నిక్కరు కిందికి లాగగలడా, తడిస్తే చిరాకుపడి వచ్చి చెబుతున్నాడా. మావాడైతే డైపరులో పోయే ముందు వెళ్ళి బియ్యం డబ్బా వెనక దాక్కునేవాడు. అదే పెద్ద గుర్తు, లోపల ఏదో రాబోతోందని వాడికి తెలుస్తోందన్నమాట. అమెరికాలో బ్రేజల్టన్ అనే పిల్లల డాక్టరు 1962లోనే ఈ మాట రాశారట, పిల్లల తయారీని బట్టి వెళ్ళాలని. మా వీధికి ఆ కబురు ఇంకా చేరలేదు.

తర్వాత మాట సంగతి. ఇది మా సరిహద్దు ఊళ్ళలో వాళ్ళకి మరీ ముఖ్యం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఒడిశాలోకి వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది. గీత గీశారు గానీ మాటలు రెండు వైపులవీ మా ఇంట్లోనే తిరుగుతుంటాయి. మా అత్తమ్మ పాతపట్నం వైపు మనిషి, ఆవిడ "దొడ్డికి" అంటారు. నేను "ఆయి" అంటాను. పక్కింటి ఒడియా మావుసీ "ఝాడా" అంటారు. మా ఆయన "పాటీ వచ్చిందా నాన్నా?" అంటారు. పాటీ అంటే కుర్చీయా, వచ్చేదా? వాడికి ఏం అర్థమవుతుంది? వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1880లో పంతులుగా చేరిన ఊరు మాది, కనీసం రెండేళ్ళ గుంటడికి అర్థమయ్యే మాటైనా వాడొద్దా అని మా ఆయనతో గొడవపడ్డాను. చివరికి తేల్చుకున్నాం: పలచనిది చుచ్చు, గట్టిది ఆయి, కుర్చీ పాటీ. మావుసీకి కూడా చెప్పాను. ఆవిడ నవ్వేసి, వాడితో మాత్రం ఆయి అనే అన్నారు, ఒడియా యాసలో. మీరు ఏ మాట ఎంచుకున్నా పరవాలేదు, ఇంటిల్లిపాదీ అదే అనాలి.

పాటీ విషయంలో ఒక్కటే చూడండి, కాళ్ళు నేలకి ఆనాలి. పెద్దవాళ్ళ కమోడు మీద బిగించే సీటు కొన్నట్టయితే కాళ్ళ కింద పీట వేయాలి. మోకాళ్ళు నడుము కంటే కాస్త పైకి ఉంటే సులువుగా వస్తుంది. అందుకే మన పాత పద్ధతిలో గొంతుక్కూర్చోవడం మంచిదే. కానీ మాకున్న ఇండియన్ లెట్రిన్ గుంట చూసి వాడు దడుచుకునేవాడు, అందులో పడిపోతానని. అందుకే మొదట కుర్చీ. పాటలు పాడేవీ, లైట్లు వెలిగేవీ వద్దు. వాడు లోపల ఏముందో చూడ్డానికే లేచిపోతాడు.

బట్టల గురించి నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? జిప్పు, నాడా, బొత్తాలు ఉన్నవన్నీ మూట కట్టి పైన పెట్టేయండి. మిగిలిన నూలు ముక్కలతో పదిహేను నిక్కర్లు కుట్టాను. ఎలాస్టిక్‌లో మన రెండు వేళ్ళు సులువుగా దూరాలి. రెడీమేడువి చాలావరకు బిగుతుగా ఉంటాయి, వాడు లాగేలోపు అయిపోతుంది. ఎలాస్టిక్ విప్పి అరంగుళం వదులు చేసి మళ్ళీ కుట్టించుకోండి, ఏ టైలరైనా చేసిపెడుతుంది. బనీను పొట్టిగా ఉండాలి.

ఇక వేళ. ఇక్కడ మా అత్తమ్మకి దండం పెట్టాలి. "అన్నం తిన్నాక కూకోబెట్టే, అప్పుడే వస్తాది" అనేవారు ఆవిడ. డాక్టరుగారూ అదే చెప్పారు, పొట్టలోకి ఏదైనా పడగానే కింద పేగు కదలడం మొదలవుతుందట. తిన్న పావుగంట, అరగంటలోపు. కాబట్టి పొద్దున్న టిఫిను తర్వాత, మధ్యాహ్నం అన్నం తర్వాత, నిద్ర లేవగానే, స్నానానికి ముందు కూర్చోబెట్టాను. మూడు నాలుగు నిమిషాలు, అంతే. రాకపోతే "రాలేదా, సరే, తర్వాత చూద్దాం" అని లేపేయాలి. అరగంట కూర్చోబెడితే అది శిక్ష అయిపోతుంది. ఫోను చేతికిస్తే మాత్రం ఎంతసేపైనా కూర్చుంటాడు, కానీ వచ్చిన పని మర్చిపోతాడు.

మా అత్తమ్మ అసలు పద్ధతి వేరే. నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పసిబిడ్డని రెండు పాదాల మీద కూర్చోబెట్టుకుని "ఉస్స్ ఉస్స్" అంటారు. ముగ్గురు బిడ్డల్ని అలాగే పెంచారు. అది చిన్న విద్య కాదు. బిడ్డ మొహం చూసి పసిగట్టడం ఆవిడకి వచ్చు. కాకపోతే అక్కడ పసిగట్టేది పెద్దవాళ్ళు. రెండేళ్ళు దాటాక వాడంతట వాడే పసిగట్టుకోవాలి, ఇది వేరే పాఠం. ఆవిడతో నాకొచ్చిన చిక్కల్లా ఒక్కటే, వాడు నిక్కరులో పోయినప్పుడల్లా "ఛీ, కంపు, సిగ్గులేదురా" అనేవారు. వాడు సిగ్గుపడి ఇంకా దాక్కునేవాడు. "అత్తమ్మా, మీరు ఛీ అంటే వాడు మీకు చెప్పడం మానేస్తాడు. మీకు చెబితేనే కదా అలవాటయ్యేది" అన్నాను. రెండు రోజులు మూతి ముడుచుకున్నారు. మూడో రోజు నుంచి ఆవిడే నాకంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు అసలు సంగతి, బహుమతులు.

మావాడికి రైలు పిచ్చి. మా లైను నౌపడలో మొదలవుతుంది. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా 1900లోనే చిన్న రైలు నడిపించారు మా రాజావారు, ఇప్పుడు పెద్ద రైలే గుణుపురం దాకా వెళ్తుంది. దారాల పెట్టె అట్ట ఒకటి చింపి దాని మీద గీత గీశాను. నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం. స్టేషన్లు ఇంకా ఉన్నాయి, నేను ఏడే వేశాను. ఎర్ర గుడ్డతో ఒక ఇంజను కుట్టి వెనక వెల్క్రో అంటించాను. పాటీ మీద కూర్చుంటే ఇంజను ఒక స్టేషను ముందుకి. గుణుపురం చేరితే నిజం రైల్లో నిజం గుణుపురం. ఎంత తెలివైన ఏర్పాటో అనుకున్నాను.

వాడికి గుణుపురం మీద ఏ మాత్రం ఆసక్తి లేదు. రెండేళ్ళ వాడికి "వచ్చే ఆదివారం" అనే మాటకి అర్థమే లేదు కదా! వాడికి కావలసింది ఇప్పుడు, ఈ నిమిషం, వాడి వేలితో చేసేది. వెల్క్రో పర్రుమని లాగి మళ్ళీ అంటించడం వాడికి నచ్చింది. అంతకంటే నచ్చింది నా బొట్టుబిళ్ళల అట్ట. కూర్చున్న ప్రతిసారీ ఆ స్టేషను దగ్గర ఒక ఎర్ర బిళ్ళ వాడే అంటించేవాడు. అది చాలు, బ్యాటరీ జీపు చేయలేని పని పది రూపాయల బిళ్ళల అట్ట చేసింది. బిళ్ళలు పెద్దవి కొనండి, చిన్నవైతే నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. అట్ట మీ దగ్గరే ఉంచుకుని ఒక్కోటే ఇవ్వండి. నా దగ్గర రంగురంగుల బొత్తాలు సీసా నిండా ఉన్నాయి, వాటిని ఇవ్వాలన్న ఆలోచన కూడా రానీయలేదు, గొంతులో అడ్డం పడతాయి. చాక్లెట్టు, మిఠాయి కూడా వద్దనుకున్నాను. రోజుకి ఆరుసార్లు కూర్చుంటాడు, ఆరు చాక్లెట్లు ఎక్కడ పెట్టను?

మొదటి వారం కూర్చుంటే చాలు, బిళ్ళ. వచ్చినా రాకపోయినా. ఐదో రోజు మధ్యాహ్నం పాటీలో చుక్కల చప్పుడు వినబడింది. వాడు నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయి కిందికి వంగి చూశాడు. రెండో వారం నుంచి కూర్చున్నందుకు మాట, వస్తే బిళ్ళ. మూడో వారం నేను పిలవకుండా వాడే వచ్చి చెబితే ఆకుపచ్చ బిళ్ళ. ఈ మెట్లు మారేటప్పుడు వాడికి ముందే చెప్పాలి, ఉన్నట్టుండి మారిస్తే పేచీ పెడతారు.

ముందే చెప్పి ఇస్తే బహుమతి, ఏడుస్తుంటే నోరు మూయించడానికి ఇస్తే లంచం. మా ఆయనకి ఈ తేడా చెప్పడానికి చాలా రోజులు పట్టింది. ఇంకోటి, ఒకసారి వాడు మంచం మీద పోసేశాడని ఆయన "తీసెయ్ రా ఆ బిళ్ళ" అని పీకించారు. ఆ రోజంతా వాడు పాటీ దగ్గరికి రాలేదు. సంపాదించుకున్నది సంపాదించుకున్నదే, వెనక్కి తీసుకోకూడదు. రాత్రి ఆయన చేతే మళ్ళీ అంటించాను.

మెచ్చుకోవడంలో కూడా పద్ధతి ఉంది. మొదట్లో "గుడ్ బాయ్" అనేవాళ్ళం. ఒకరోజు నిక్కరు తడిపేసి నా మొహం చూసి "బ్యాడ్ బాయా?" అని అడిగాడు. గుండె కలుక్కుమంది. అప్పటినుంచి చేసిన పనినే చెప్పాను. "బంతి ఆట ఆపి మరీ వచ్చావే!" "నిక్కరు నువ్వే లాగేశావు!" "అమ్మకి ముందే చెప్పావు!" అంతే. వీధి వీధంతా వినేలా గంతులేయక్కర్లేదు, కొందరు పిల్లలకి ఆ హడావుడే భయం.

తడుపుతారు, తప్పదు. ఆటలో పడితే మరీను. "తడిసిపోయిందా? చుచ్చు పాటీలోకి పోవాలి కదా. పద, మార్చుకుందాం" అని మామూలు గొంతుతో అని, తడి నిక్కరు వాడి చేతే బకెట్లో వేయించండి. తిట్టినట్టు కాదు, పనిలో భాగంగా. కొట్టారంటే మాత్రం నా జీపు కథ మీ ఇంట్లో మొదలైనట్టే. "వస్తోందా? వస్తోందా?" అని పావుగంటకోసారి అడగొద్దు, వాడి నోట ఎప్పుడూ "లేదు" అనే వస్తుంది. "ఇంజనులో నీళ్ళు ఖాళీ చేసే టైమయింది" అంటే మావాడు వచ్చేవాడు.

కడగడం గురించి రెండు మాటలు. ఆడపిల్లలకి ముందు నుంచి వెనక్కి కడగాలి, వెనకది ముందుకి తగిలితే మూత్రంలో ఇన్‌ఫెక్షను వస్తుంది. మగపిల్లల్ని చుచ్చుకి కూడా మొదట కూర్చోబెట్టే నేర్పండి, నిలబడడం తర్వాత. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే బిళ్ళ అంటించాలని నియమం పెట్టాను. ఇలా ఇంకో అలవాటు ఖర్చు లేకుండా వచ్చేసింది.

నెలన్నరకి బిళ్ళలు వాడే మర్చిపోయాడు. ఒకరోజు ఇవ్వడం నేను మర్చిపోయాను, వాడు అడగలేదు. నేనూ గుర్తు చేయలేదు. గుణుపురం మాట మాత్రం నిలబెట్టుకున్నాం. బయల్దేరే ముందు ఇంట్లో కూర్చోబెట్టి, పాటీ కుర్చీని గోనెసంచిలో పెట్టుకుని, రెండు జతలు ఎక్కువ తీసుకుని వెళ్ళాం. కాశీనగరం దాటాక బోగీ అంతా వినబడేలా "అమ్మా ఆయి!" అన్నాడు. రైలు లెట్రిన్ చప్పుడుకి భయపడ్డాడు, సంచిలోంచి కుర్చీ తీయక తప్పలేదు. ఎదురు సీటులో ఉన్న ఒక ముసలాయన ఒడియాలో ఏదో అని తువ్వాలు అడ్డం పట్టుకున్నారు. ప్రయాణాల్లో, పెళ్ళిళ్ళలో, ఇంట్లో ఇంకో బిడ్డ పుట్టినప్పుడు వెనక్కి వెళ్ళిపోతారు పిల్లలు, అది మామూలే. వారం, పది రోజులు మళ్ళీ బిళ్ళల అట్ట బయటికి తీయండి.

లెట్రిన్ గుంటకి మార్చడం మూడేళ్ళు దాటాక, అంగన్‌వాడీకి పంపే ముందు చేశాను. మొదట పాటీ కుర్చీనే లెట్రిన్ గదిలోకి జరిపాను. వారం తర్వాత వాడి రెండు చేతులూ పట్టుకుని గుంట మీద కూర్చోబెట్టి, వాడు బయటికి వచ్చాకే నీళ్ళు పోశాను. పాదాలు ఎక్కడ పెట్టాలో సుద్దముక్కతో గీశాను. అంగన్‌వాడీ దీదీకి మొదటి రోజే మా మాటలు రెండూ చెప్పాను, చుచ్చు, ఆయి అని. లేకపోతే వాడు అడిగేది ఆవిడకి తెలియదు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలంటే, చుచ్చుకి ఏడుస్తున్నా, చుక్కచుక్కగా మాటిమాటికీ పోస్తున్నా, జ్వరం ఉన్నా, మలంలో రక్తం కనబడినా, మూడు నాలుగు రోజులు పోకుండా కడుపు ఉబ్బినా. బాగా అలవాటైన పిల్ల ఉన్నట్టుండి పక్క తడపడం మొదలుపెట్టి, నీళ్ళు విపరీతంగా తాగుతూ చిక్కిపోతుంటే అసలు ఆలస్యం చేయకండి.

రాత్రి సంగతి పూర్తిగా వేరు. పగలు కుదిరిందని రాత్రి కుదరదు. నిద్రలో మూత్రం తక్కువగా తయారవ్వాలి, నిండితే మెలకువ రావాలి, ఈ రెండూ ఒంటికి ఎప్పుడు వస్తే అప్పుడే వస్తాయి. బిళ్ళలతో రావు. అందుకే రాత్రి పొడిగా ఉన్నందుకు నేను బహుమతి పెట్టలేదు, నిద్రలో ఉన్నవాడి చేతిలో ఏముంది? ఐదేళ్ళ దాకా పక్క తడిపినా దాన్ని జబ్బు అనరు. పడుకునే ముందు ఒకసారి కూర్చోబెడతాను, అంతే. మావాడు ఇప్పటికీ పది రోజులకోసారి తడుపుతాడు. పక్క కింద రబ్బరు షీటు తీయలేదు, మొన్ననే అంచు చిరిగితే బయాసు పట్టీ వేసి కుట్టాను.